రంగు చూసే ముందు పేరు చదవండి

అంగట్లో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా గమనించారా? దాని కొమ్ములకు కట్టిన రంగు కుచ్చులూ, మెడలో మోగే గంటలూ అతనికి పట్టవు. దవడ పట్టుకుని, నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. ఒంటి మీద సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అన్నీ అయ్యాకే తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళతో బేరం మొదలుపెడతాడు. ఎవరో మూడోవాడికి ఆ బేరం అంకె తెలియనే తెలియదు.

అదే రైతు కొడుకు ఉద్యోగం సంపాదించుకుని పాత కారు కొనడానికి బయల్దేరాడనుకోండి. తళతళలాడే ఎర్రరంగు కనబడగానే ఆ విద్యంతా మరిచిపోతాడు. మెత్తటి సీటులో ఓసారి కూర్చుని, పాట ఒకటి పెట్టించుకుని విని, జేబులోంచి అడ్వాన్సు తీసేస్తాడు. అందులోనూ అది ఫారిన్ పేరున్న కారయితే ఇక చెప్పేదేముంది!

ఈ మధ్య మా ఆడపడుచుకి అలాంటి కారే ఒకటి కనబడింది. ఆవిడ వుండేది వికారాబాదులో. తాండూరు అవతల ఒక పల్లెటూరి బడిలో టీచరు. రైలుంది, బస్సుంది, కానీ బడి మాత్రం రెండింటికీ దూరం. ఆరేళ్ళు చిట్టీ కట్టి మూడు లక్షలు కూడబెట్టుకుంది. తాండూరులో ఎర్రటి పోలో కారు అమ్మకానికుంది, ధర సరిగ్గా ఆవిడ చీర మడతల్లో దాచుకున్నంతే. అదే డబ్బు పెడితే మిగతా చిన్న కార్లలో అంతకంటే మూడేళ్ళు పాతవి వస్తున్నాయి.

"వదినా, గంత మంచి బండి గింత తక్కువకు ఎట్ల ఇస్తున్నరు?" అని అడిగింది నన్ను.

నాకు కార్ల సంగతి ఏం తెలుసు? నవలలు రాసుకునేదాన్ని. కానీ బి.ఏ.లో చరిత్ర చదివిన పాపం వూరికే పోదు కదా! ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ వెళితే అది ఇంజన్ దగ్గర ఆగలేదు, చరిత్ర దాకా తీసికెళ్ళింది.

మనం చిన్న కారు అని తేలిగ్గా పిలుచుకునేదాన్నే హ్యాచ్‌బ్యాక్ అంటారు. వెనక విడిగా డిక్కీ పొడుచుకు రాకుండా, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. ఇరుకు వీధులు, ఖరీదైన పెట్రోలు వున్న యూరపు దేశాలు తమ అవసరం కోసం పెంచి పోషించిన బండి ఇది. 1965లో ఫ్రాన్సులో వచ్చిన రెనో 16 దీనికి మంచి పేరు తెచ్చింది. వెనక సీటు మడిచేస్తే సామానుకు బోలెడంత చోటు. ఈ సదుపాయం ఆడవాళ్ళకు నచ్చిందంటే ఆశ్చర్యమేముంది? 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఆకాశానికి ఎగిరాక, పెద్ద కార్ల మీద మోజున్నవాళ్ళు కూడా చిన్నవాటి వైపు తిరిగారు. 1974లో జర్మనీలో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్, మరుసటేడు దాని చెల్లెలు పోలో, 1983లో ఇటలీ నుంచి ఫియట్ యూనో వచ్చాయి. గోల్ఫ్‌కీ యూనోకీ రూపురేఖలు దిద్దింది ఒకే చెయ్యి, జార్జెట్టో జుజారో అనే ఇటలీ దేశస్థుడిది.

మన దేశంలో ఈ రకం కారును ఇంటింటి వస్తువు చేసింది మాత్రం యూరపు కాదు. 1983 డిసెంబరులో జపాను సహకారంతో వచ్చిన మారుతి 800. యూరపు హ్యాచ్‌బ్యాక్‌ల కథ వేరు. అది రాకపోకల కథ. రావడమెంత ఆర్భాటమో, పోవడమంత నిశ్శబ్దం.

1985లో మద్రాసు నుంచి స్టాండర్డ్ 2000 అనే పెద్ద హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. ఒళ్ళు ఇంగ్లండు రోవర్ కారుది. లోపల పెట్టిన ఇంజను మాత్రం ఏనాటిదో పాత స్టాండర్డ్ కారు వంశానిది. పట్టుచీర కట్టి కాళ్ళకు అరిగిన చెప్పులు తొడిగినట్టయింది. నాలుగేళ్ళు తిరక్కుండానే దాని పని అయిపోయింది. 1990ల మధ్యలో ప్రీమియర్ వారితో కలిసి ఫ్రాన్సు నుంచి పెజో 309 వచ్చింది. కార్మికుల గొడవలు, భాగస్వాముల గొడవలు కలిసి రెండు మూడేళ్ళకే తలుపులు మూసుకుంది. అదే ప్రీమియర్ వారు ఫియట్ యూనోకి బుకింగులు తెరిస్తే జనం లక్షల్లో ఎగబడి డబ్బు కట్టారు. 1996లో సమ్మె వచ్చి, కట్టినవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. 2001లో ఫియట్ పాలియో వచ్చింది. సచిన్ టెండూల్కర్ పేరు చెప్పి అమ్మారు దాన్ని. తర్వాత 2008లో స్కోడా ఫాబియా, 2009లో ఫియట్ పుంటో, 2010లో పోలో వరుసగా దిగాయి. ఫాబియా అయిదారేళ్ళకే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి కాలుష్య నిబంధనలు గట్టిపడతాయనగా ఫియట్ తన కార్లను ఆపేసింది. పోలో పన్నెండేళ్ళు నిలిచి, 2022లో సెలవు తీసుకుంది.

ఇప్పుడు మా ఆడపడుచు ప్రశ్నకు సగం జవాబు దొరికింది కదూ? కంపెనీ వెళ్ళిపోతుంది, కారు మాత్రం మన వాకిట్లోనే వుంటుంది. అద్దం పగిలితే, చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగితే ఎక్కణ్ణుంచి తేవాలి? ఈ భయమే దాని ధరను కిందికి లాగేస్తుంది. ఆ తగ్గిన ధర చూసి మురిసిపోయే ముందు ఆ భయం నిజమో కాదో మనం తేల్చుకోవాలి.

అది అన్ని కార్లకూ ఒక్కలా వుండదు. ఫియట్ పుంటో డీజిలులో వున్న 1.3 మల్టీజెట్ ఇంజన్నే మారుతి వాళ్ళు స్విఫ్ట్‌లో పెట్టారు, టాటా వాళ్ళు విస్టాలో పెట్టారు. కంపెనీ వెళ్ళిపోయినా ఆ ఇంజను గుండెచప్పుడు మన ఊరి మెకానిక్కులకు కంఠోపాఠం. పోలో ఆగిపోయినా ఫోక్స్‌వాగన్ దేశం విడిచిపోలేదు. పెజో 309 కొన్నవాళ్ళకు ఈ రెండు అదృష్టాలూ లేకపోయాయి. కాబట్టి మొదటి పరీక్ష కారుకు కాదు, దాని పుట్టింటికి. తయారుచేసినవాళ్ళు ఇంకా వున్నారా? సర్వీసు సెంటరు మనకు ఎంత దూరం? ఆ భాగాలు వేరే కార్లకు కూడా వాడతారా? కొనక ముందే ఒక హెడ్‌లైటు, ఒక పక్క అద్దం, ఒక క్లచ్ సెట్టు ధర ఎంతో ఫోను చేసి కనుక్కోండి. ఆ మూడు అంకెలు విన్నాక కూడా కారు మీద మోజు నిలిస్తే ముందుకు వెళ్ళచ్చు.

పోలో కథలో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం వుంది. ఫోక్స్‌వాగన్ వారు మన దేశంలో ఫ్యాక్టరీ పెడతారనగానే, దాన్ని విశాఖపట్నానికి రప్పించాలని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉబలాటపడింది. 2005లో వశిష్ఠ వాహన్ అనే సంస్థకు సుమారు 11 కోట్ల రూపాయలు చెల్లించింది. తీరా చూస్తే ఆ సంస్థకూ తమకూ సంబంధం లేదన్నారు ఫోక్స్‌వాగన్ వారు. పెద్ద దుమారం రేగింది, సి.బి.ఐ. దర్యాప్తు దాకా వెళ్ళింది. ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గర చాకణ్‌కు పోయి, 2009లో తెరుచుకుంది. మన రోడ్ల మీద తిరిగే పోలోలు అక్కడ పుట్టినవే.

సెక్రటేరియట్ నిండా అధికారులున్న ప్రభుత్వమే, డబ్బు ఎవరి పేరు మీద వెళుతోందో చూడకుండా అడ్వాన్సు ఇచ్చి పరువు పోగొట్టుకుంటే, చిట్టీ డబ్బు పట్టుకుని బయల్దేరిన ఇల్లాలు ఎంత జాగ్రత్తగా వుండాలి! అందుకే అంటున్నాను, కారు రంగు చూసే ముందు కాగితం మీద పేరు చదవండి.

మా వైపు ఈ పేరు చదవడం ఇంకాస్త చిక్కు వ్యవహారం. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోవి. రాష్ట్రాల పునర్విభజనలో ఇటు వచ్చి కలిశాయి. పటంలో గీత మారింది గానీ, చుట్టరికాలూ కందుల బేరాలూ ఆ గీతను పట్టించుకోలేదు. కార్లూ అంతే. తాండూరులో నిలబెట్టిన కారు నంబరు కె.ఎ. 32 అని మొదలైతే అది కలబురగిది, 38 అయితే బీదరుది. అలాంటి కారు కొంటే అక్కడి ఆర్.టి.ఓ. నుంచి అభ్యంతరం లేదనే పత్రం రావాలి. ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే వుంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకుని తీరాలి. ఈ ఖర్చంతా కలిపితే చవక బేరం కాస్తా చవగ్గా వుండదు.

నంబరు పలక కూడా ఒక చరిత్ర పుస్తకమే సుమండీ! మా వైపు రిజిస్టరైన బండికి ఎ.పి. అని వుంటే తెలంగాణ ఏర్పడిన 2014 జూనుకు ముందుది. టి.ఎస్. అయితే ఆ తర్వాతది. 2024 మార్చి నుంచి టి.జి. వచ్చింది. వికారాబాదు జిల్లా అయింది 2016 అక్టోబరులో. టి.ఎస్. 34 మన జిల్లా నంబరు. ఇప్పుడొక లెక్క చెప్తాను చూడండి. పలక మీద టి.ఎస్. 34 వుంది, రిజిస్ట్రేషన్ కార్డులో తయారైన సంవత్సరం 2011 అని వుంది. అప్పటికి జిల్లా ఎక్కడిది? అంటే ఈ కారు ఎక్కడో పుట్టి, మధ్యలో ఇక్కడికి దత్తతకు వచ్చిందన్నమాట. దత్తత తప్పేం కాదు, కానీ ఆ పాత కథ అడిగి తెలుసుకోవాలి. ఇంకో మాట. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళకు ఇస్తారు. 2010 నాటి తొలి పోలోలకు ఆ గడువు 2025లోనే వచ్చేసింది. వాటిని కొంటే, మళ్ళీ తనిఖీ చేయించి అయిదేళ్ళకు పొడిగించుకున్నారో లేదో చూడాలి.

ఎర్ర పోలో దగ్గరికి మేమిద్దరం ఒక ముసలి మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్ళాం. వూళ్ళో అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. బానెట్ ఎత్తుతాడేమోనని చూస్తున్నాను. ఆయన కారును ముట్టుకోనైనా లేదు.

"అమ్మా, బండి ముచ్చట తర్వాత. ముందుగాల కాయితాలు సూపియ్యమనుండ్రి" అన్నాడు.

కాగితాలొచ్చాయి. నంబరు కర్ణాటకది. కార్డు మీద పేరు ఒకరిది, అమ్ముతున్న మనిషి వేరొకరు. పాత యజమాని సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఒక కవరులో వున్నాయి, ఎవరు కొంటే వాళ్ళ పేరు నింపుకోవచ్చట! పైగా కార్డు మీద ఒక బ్యాంకు అప్పు ఇంకా కనబడుతోంది. "అప్పు ఎప్పుడో తీరిపోయింది మేడమ్" అన్నాడతను. తీరితే మంచిదే. మరి బ్యాంకు ఇచ్చే పత్రం, ఫారం 35 ఏవీ? అవి లేవు.

ఈ ఖాళీ ఫారాల సంగతి అమ్మేవాళ్ళూ తెలుసుకోవాలి. పేరు మార్చకుండా చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేస్తే, 2018లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెలుసా? రికార్డులో ఎవరి పేరుందో వాళ్ళే యజమాని, నష్టపరిహారం బాధ్యత కూడా వాళ్ళదేనంది. అంటే, మీరు మీ పాత కారు అమ్మేసి హాయిగా నిద్రపోతూ వుంటే, అది ఎక్కడో ఎవర్నో గుద్దితే నోటీసు మీ ఇంటికొస్తుంది. అమ్మేటప్పుడు ఫారం 29, కొనేటప్పుడు ఫారం 30. ఈ రెండూ ఆఫీసుకు చేరిందాకా బేరం పూర్తి కానట్టే. బీమా కూడా పద్నాలుగు రోజుల్లో కొన్నవారి పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత చలానాలు కట్టారో లేదో కూడా నంబరు కొట్టి చూసుకోవచ్చు.

మా ఆడపడుచు ఎర్ర కారు వంక ఒకసారి దిగులుగా చూసింది. తర్వాత సంచీ చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. కొరివిని చూసి వెనక్కి తగ్గడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నెల తిరిగేసరికి వికారాబాదులోనే ఇంకో పోలో కనబడింది. బూడిదరంగుది. చూడగానే మనసు పారేసుకునే అందమేం లేదు. రిటైరయిన ఒక పెద్దమనిషిది, కార్డు మీద ఆయన పేరే, మొదటి నుంచీ ఆయనే. ఈసారి ఉస్తాద్ బానెట్ ఎత్తాడు. ఆయన చూసినవన్నీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మీకు పనికొస్తాయని చెబుతున్నాను.

పొద్దున్నే, ఇంజను చల్లగా వున్నప్పుడే చూడాలట. మీరు వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా వుందంటే ముందే స్టార్టు చేసి వుంచారన్నమాట. పొగ నీలంగా వస్తే ఇంజన్‌లో ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే లోపలికి నీళ్ళు చేరుతున్నాయేమో చూడాలి. కొన్ని ఇంజన్ల లోపల టైమింగ్ బెల్టని ఒక రబ్బరు పట్టీ వుంటుంది. గడువు దాటాక అది తెగితే ఇంజన్ ప్రాణానికే ముప్పు. ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో వుండాలి. 2013లో వచ్చిన పోలో జి.టి. టి.ఎస్.ఐ.లాంటి వాటిలో డి.ఎస్.జి. అనే ఆటోమేటిక్ గేర్లుంటాయి. ఆపి ఆపి కదిలించి చూసి, కుదుపు తెలిస్తే వదిలేయడం మేలు. ఆ రిపేరు ఖర్చు చిన్నది కాదు. డీజిలు పోలో అయితే ఇంకో ప్రశ్న అడగాలి. పొగ పరీక్షను మోసం చేసే సాఫ్ట్‌వేరు పెట్టారని 2015లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ పట్టుబడింది కదా, ఆ డిసెంబరులో మన దేశంలో కూడా 3,23,700 డీజిలు కార్లను పిలిపించి సరిచేస్తామన్నారు. ఈ కారు ఆ లెక్కలోదా, సరిచేయించారా అన్నది ఛాసిస్ నంబరు చెప్పి సర్వీసు సెంటరులో కనుక్కోవచ్చు.

తర్వాత ఒళ్ళు. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి తీసికెళ్ళండి. ఇనుప రేకు మీద అంటుకుంటుంది. సొట్ట పడి, పుట్టీ దట్టంగా పూసి రంగు వేసిన చోట జారిపోతుంది. టైరు పక్కన నాలుగంకెలు వుంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. ముప్ఫై వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే కారుకు అప్పుడే రెండో జత టైర్లెందుకొచ్చాయో అడగండి. రెండో తాళంచెవి కూడా అడిగి తీసుకోండి. చిప్పు వున్న ఆ తాళంచెవి కొత్తగా చేయించాలంటే ఖర్చు చూసి కళ్ళు తిరుగుతాయి.

నీళ్ళలో మునిగిన కారునైతే అస్సలు తేవద్దన్నాడు ఉస్తాద్. మూసీ పుట్టింది మన అనంతగిరి కొండల్లోనే. ఇక్కడ పిల్లకాలువలా వుండే ఆ మూసీయే 2020 అక్టోబరు వానలకు చెరువులతో కలిసి హైదరాబాదును ముంచెత్తింది. బస్తీల్లో కార్లు పడవల్లా తేలాయి. అలా మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి మనలాంటి చిన్న ఊళ్ళకు తోలితే ఎవరికి తెలుస్తుంది? సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. ఎంత కడిగినా ఆ చివర బురద మరక పోదు. స్టెప్నీ ఎత్తి దాని కింద చూడండి, సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయేమో చూడండి.

ఇక మా ప్రాంతపు జబ్బు ఒకటుంది, బండల దుమ్ము. తాండూరు నాపరాళ్ళు తెలుగు ఇళ్ళలో ఎన్ని గచ్చులయ్యాయో లెక్కలేదు. ఆ రాయి కోసే చోట, సిమెంటు లారీలు నడిచే దారిలో తిరిగిన కారు గాలి ఫిల్టరు చూస్తే పిండి జల్లెడలా వుంటుంది. ఈ కార్లు కాస్త కురచ కాళ్ళవి కూడా, గుంతల్లో పొట్ట రాసుకుంటుంది. జాకీ వేయించి కింద ఆయిల్ సంపు సొట్ట పోయిందేమో చూడాలి.

చివరి పరీక్ష అనంతగిరి ఘాటు మీద జరిగింది. నలుగురం కూర్చుని ఎక్కాం. ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుందేమో, ఇంజను వేడెక్కుతుందేమో చూశారు. దిగేటప్పుడు బ్రేకులూ, స్టీరింగూ. మలుపుల్లో ఆ బూడిదరంగు బండి రోడ్డును పట్టుకున్న తీరు చూశాక, ఈ యూరపు కార్లంటే కొందరు ఎందుకంత ప్రాణం పెడతారో నాకు కూడా తెలిసింది. తలుపు వేస్తే ఆ చప్పుడే వేరు! చరిత్ర చూసి భయపడమని నేనెప్పుడూ అనను. తెలుసుకుని కొనుక్కోమంటాను.

ఎర్రదానికంటే పాతిక వేలు ఎక్కువైంది. ఆ పాతిక వేలకు ఒక సర్వీసు పుస్తకం, రెండు తాళంచెవులు, నిశ్చింతగా నిద్ర వచ్చాయి. అగ్రిమెంటు రాసేరోజు, "కారు మీ ఆయన పేరున పెడదామా?" అని ఎవరో అడిగారు. ఇల్లు ఆయన పేరునే వుంది, స్కూటరు ఆయన పేరునే వుంది. మా ఆడపడుచు ఏమీ అనలేదు. ఫారం 30 తన వైపు లాక్కుని, తన పేరు రాయడం మొదలుపెట్టింది. రాసింది మళ్ళీ ఒకసారి ఆధార్ కార్డుతో అక్షరం అక్షరం సరిచూసుకుని, అప్పుడు సంతకం పెట్టింది.